పసుపు హాస్టల్‌కు నేను కట్టిన విలువ

మొన్న మా బడిలో వారసత్వ దినమని ఏదో జరిపారు. సైన్సు చెప్పే చిన్న వయసు టీచరు నా దగ్గరికి వచ్చి, "మేడం, మీరు డ్రాయింగ్ టీచర్ గదా, పాత కట్టడాల సంగతి మీకే ఎరుకుంటది. వాటి విలువ ఏందో పిల్లలకు జర నాలుగు ముక్కలు చెప్పుండ్రి" అని మైకు చేతికిచ్చింది. నేను ఓరుగల్లు పేరు చెప్పి, గోల్కొండ పేరు చెప్పి, రెండు నిమిషాల్లో దిగిపోయాను. ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. మాట్లాడటం చేతకాక దిగలేదు నేను. ఒకప్పుడు సరిగ్గా ఆ 'విలువ' అనే మాట మీదే ఇంత లావు ఫైలు తయారు చేసినదాన్ని. ఆ ఫైలు ఏం పని చేసిందో కళ్లారా చూశాను గనుక నోరు పెగల్లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్ల మాట. మాది మెండోర. మా నాయన శ్రీరాంసాగర్‌లో వల వేసి చేపలు పట్టేవాడు. నేను డ్రాయింగు పరీక్షలు లోయరూ హయ్యరూ పాసై, ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా కుదిరాను. ఉండటానికి చోటు వెతుక్కుంటుంటే పాత బజారులోని పసుపు హాస్టల్ చూపించారు. దానికి బోర్డు లేదు, పేరు లేదు, ఆ పేరు ఊరు పెట్టింది. అది అసలు ఒక పసుపు షావుకారి భవంతి. నడుమ ఆకాశం కనబడే వాకిలి, చుట్టూ చెక్కడపు టేకు స్తంభాలు, స్తంభాల తలల మీద చిలుకలు, ముందర రెండు రెక్కల దర్వాజ. ఆ దర్వాజను ఒంటి చేత్తో తోసిన ఆడపిల్లను నేను చూడలేదు. వెనకవైపు పొడుగాటి అర్రలు ఒకప్పుడు పసుపు కొమ్ములు నిలవ చేసిన గోదాములు. మేం పడుకునేది వాటిలోనే. డెబ్బై ఎనభై ఏళ్ల పసుపు ఆ గోడల్లోకి ఇంకిపోయి ఉండేది. గోడకు ఆనుకుంటే వీపు పచ్చన, దుప్పటి పచ్చన, ఎండాకాలం చెమట పడితే చెంపలు పచ్చన. మా బడి పిల్లలు నా తెల్లచీర కొంగు చూసి "టీచరుకు నలుగు పెట్టిండ్రు" అని నవ్వేవాళ్లు. నర్సు శిక్షణకు వచ్చిన ఒక అమ్మాయిని చూడటానికి పెళ్లివారొస్తే, ముసలమ్మ ఒకామె ఆ పిల్ల మెడ వైపు అనుమానంగా చూసి, "మాకంటే ముందుగాల ఎవరికన్న ఇచ్చి లగ్గం జేసిండ్రా ఏంది?" అని అడిగిందట. ఆ మాట చెప్పుకుని ఏడాదిపాటు నవ్వాం.

హాస్టల్ నడిపే ఆమెను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. షావుకారి దగ్గర ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసినాయన భార్య. షావుకార్లు వ్యాపారం హైదరాబాదుకు మార్చుకుని వెళ్లిపోతూ ఇంటిని గుమాస్తాకు అప్పజెప్పారు. ఆయన పోయాక, పిల్లలు లేని పెద్దమ్మ అంత ఇంట్లో ఒక్కతే మిగిలింది. పెద్ద షావుకారు ఒకసారి వచ్చి, "ఇంట్ల పొయ్యి ఆరనియ్యకు. ఎవరినన్న పెట్టుకో" అన్నాడట. అంతే, కాయితం ఏమీ లేదు. పల్లెల నుంచి చదువుకు వచ్చే ఆడపిల్లలకు వండిపెట్టటం అలా మొదలైంది. నేను చేరేనాటికి పద్నాలుగు మందిమి. పెద్దమ్మకు చదువు రాదు, నోరు మాత్రం ధారాళం. ఉప్పు తక్కువైందంటే "మీ అత్తగారింట్ల సరిగ్గ ఏసుకో పో" అనేది. ఆదివారం ప్రార్థనకు పోకుండా నేను ముసుగుతన్ని పడుకుంటే, తాను పొద్దున్నే దేవునర్రలో దీపం పెట్టి వచ్చి, "మీ దేవుడు సుత నీకోసం ఎదురుసూస్తడే, లెవ్" అని దుప్పటి లాగేది.

ఆ పద్నాలుగు మందిలో దొంకేశ్వర్ ఊరి నుంచి వచ్చిన పిల్ల ఒకతి. ఇంటర్ చదివేది. తండ్రి కూలికి పోయేవాడు. కూతురిని దించటానికి వచ్చిన రోజు ఆయన అర్రలు చూడలేదు, వంట చూడలేదు. దర్వాజ ముందు నిలబడి, రెండు రెక్కలూ మూయించి, భుజంతో ఒకసారి గట్టిగా నెట్టి చూశాడు. అది కదల్లేదు. "గింత గట్టిగుంటే నాకు ఫికర్ లేదు" అని బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ పిల్ల చదువుతుంటే పెదాలు కదిలేవి గాని శబ్దం వచ్చేది కాదు. స్తంభానికి వీపు ఆనించి కూర్చుని పుస్తకం తీస్తే అన్నానికి పిలిచేదాకా లేచేది కాదు.

ఒక వానాకాలం వెనక అర్ర పైకప్పు కారింది. పెద్దమ్మ హైదరాబాదుకు కబురు పెడితే, పెద్ద షావుకారు పోయాడనీ, ఇప్పుడు అన్నీ మనవడే చూస్తున్నాడనీ తెలిసింది. ఆ మనవడికి ఇల్లు పడగొట్టి దుకాణాల కాంప్లెక్సు కట్టే ఆలోచన ఉందని కూడా బజారులో అనుకోసాగారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా బడి వార్షికోత్సవానికి పాత కట్టడాల మీద చదువుకున్న పెద్దాయన ఒకరు వచ్చారు. నేను పట్టుబట్టి ఆయన్ను హాస్టల్‌కు తీసుకువచ్చాను. ఆయన స్తంభాలను తడిమి, చిలుకల కింద నిలబడి చాలాసేపు తల ఎత్తి చూశారు. "ఇలాంటి ఇంటిని ప్రభుత్వం వారి వారసత్వ కట్టడాల జాబితాలో చేరిస్తే ఎవరూ కూల్చలేరమ్మా. బొమ్మలతో, కొలతలతో వివరాలు పంపండి. మార్పులు చేర్పులు లేకుండా ఉన్నదానికే విలువ ఎక్కువ" అన్నారు.

ఆ ఎండాకాలం సెలవులకు నేను ఇంటికి పోలేదు. టైలరు టేపు ఒకటి కొని ఇల్లంతా కొలిచాను. ప్రతి స్తంభానికీ, ప్రతి చిలుకకూ, ప్రతి తలుపుకూ బొమ్మ గీసి నంబరు వేశాను. ఒకటో నంబరు దర్వాజ. మొదట్లో పెద్దమ్మ, "బొమ్మ గీస్తే ఇల్లు నిలవడ్తదా బిడ్డా? గదేదో గోడకు సున్నమన్న ఎయ్యి" అని ఎగతాళి చేసింది. తర్వాత తానే వచ్చి పక్కన కూర్చుని, ఏ కొయ్య ఏ అడవి నుంచి వచ్చిందో, ఏ చిలుక ముక్కు ఏ పెళ్లిలో విరిగిందో చెప్పసాగింది. అన్నీ రాసుకున్నాను. రాయనివీ ఉన్నాయి. స్తంభం నుంచి స్తంభానికి కట్టిన దండేల మీద మా లంగాలు, ఓణీలు ఆరుతుండేవి. అందం చెడుతుందని బొమ్మల్లో వాటిని తీసేశాను. గోదాముల నిండా మా రేకు పెట్టెలు, వాటినీ గీయలేదు. చివరి పేజీ ఆఫీసు వాళ్ల ఫారం, అందులో "ప్రస్తుతం ఎవరి ఉపయోగంలో ఉంది" అని ఒక గడి ఉంది. హాస్టల్ అని రాస్తే విలువ తగ్గుతుందేమో అనిపించింది. "ప్రస్తుతం ఖాళీగా ఉంది" అని రాశాను. పెద్దమ్మకు ఆ మాట చదివి వినిపించలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఫైలు ఆ జాబితా చూసే ఆఫీసుకు పంపి, ఒక జిరాక్సు షావుకారి మనవడికి కూడా ఇచ్చాను. తన ఇంటి గొప్పతనం తెలిస్తే కూల్చడానికి చేతులు రావని నా నమ్మకం. ఆయన ఒక పని మీద ఆర్మూర్ వచ్చినప్పుడు నేనే వెళ్లి చేతికిచ్చాను. మర్యాదస్తుడు. పేజీ పేజీ తిప్పి చూశాడు. "మా ఇంట్ల గింత ఉందని మాకే తెల్వది మేడం. మీరు మస్తు కష్టపడ్డరు" అన్నాడు. ఆ మెచ్చుకోలుకు నేను వారం రోజులు నేల మీద నడవలేదు.

జనవరి నెలలో ఒక పొద్దున మేం ఉప్మా తింటుండగా లారీ వచ్చి ఆగింది. పరాయి ఊరి వడ్రంగులు ఎనిమిది మంది దిగారు. వాళ్ల మేస్త్రి చేతిలో నా జిరాక్సు ఉంది. చాక్‌పీసు తీసుకుని, నా బొమ్మలు చూసుకుంటూ, స్తంభాల మీద నా నంబర్లే వేసుకుంటూ పోయాడు. ఎక్కడా తడబడలేదు. "గీ డ్రాయింగు ఎవరు చేసిండ్రో గని మస్తు నీట్‌గుంది. మాకు సగం పని తప్పింది" అని నాతోనే అన్నాడు. పాత సామాను కొనే ఒకాయన ఎవరో మొత్తం చెక్కడం కొనేశాడట. ముందు ఒకటో నంబరు పీకారు. దర్వాజ ఊడి వచ్చినప్పుడు గోడలోంచి పొడి సున్నం జలజలా రాలింది. బజారు మొత్తానికీ మా వంటిల్లు కనబడింది. స్తంభాలు తీసిన చోటల్లా సర్వి కర్రలు ఆసరాగా నిలబెట్టారు.

మధ్యాహ్నానికి మనవడు కారులో వచ్చాడు. పెద్దమ్మ ఎదురెళ్లి, "బాబూ, ఆడపిల్లలున్న ఇల్లు. దర్వాజ లేకుంటె ఎట్ల? మీ తాత మాట ఇచ్చిండు. పరీక్షలైనదాంక ఆగు" అంది. ఆయన గొంతు పెంచలేదు. జిరాక్సు చివరి పేజీ తీసి నాకు చూపించాడు.

"ఇది మీ రాతే గదా మేడం? ఇల్లు ఖాళీగుందని మీరే రాసి ఆఫీసుకు పంపిండ్రు. ఖాళీ ఇంట్ల మనుషులు ఎట్లుంటరు?"

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "గా కాయితంల ఏం రాసినవ్ బిడ్డా?"

చదివాను. మూడే మాటలు. ఆమె తిట్టలేదు. జీవితంలో మొదటిసారి ఆమె తిడితే బాగుండుననిపించింది. "పద్నాలుగు మందికి పొద్దుమాపు వండివెడుతున్న. గది ఖాళీయేనా?" అని, చేతిలో ఉన్న గంటె అక్కడే గచ్చు మీద పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.

సంగతి పల్లెలకు పాకటానికి మూడు రోజులు చాలింది. ఒక్కొక్క తండ్రి వచ్చి ఒక్కొక్క పిల్లను తీసుకుపోయాడు. దొంకేశ్వర్ తండ్రి ఆఖర్న వచ్చాడు. దర్వాజ ఉండాల్సిన చోట వేలాడుతున్న గోనె పట్టా వైపు చూశాడు. పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయని, నేను వేరే గది తీసుకుని పిల్లను నాతో ఉంచుకుంటానని బతిమాలాను. "మీరు మంచోల్లే టీచరమ్మా. గని నాకు మనుషుల మీద గాదు, గా దర్వాజ మీద ధైర్యముండె" అన్నాడు. ఆ పిల్ల పుస్తకాలు నాకిచ్చి, "ఎవరికన్న ఇయ్యిండ్రి మేడం" అంది. గొంతు స్పష్టంగా వినబడింది. పరీక్షల నెలలోనే ఆమెకు లగ్గమైంది.

వానలు మొదలయ్యాక ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి ఇల్లు చూసి వెళ్లారు. తర్వాత నా పేరున ఉత్తరం వచ్చింది. సదరు కట్టడంలో చెప్పుకోదగిన వారసత్వ విలువ గల భాగాలేవీ మిగిలి లేనందున జాబితాలో చేర్చడం సాధ్యం కాదని. ఆ ఉత్తరంలో ఒక్క అబద్ధమూ లేదు. ఆ ఏడే మిగిలింది కూల్చేశారు.

పెద్దమ్మ వేల్పూర్‌లో అక్క కొడుకు ఇంటికి చేరింది. నాలుగేళ్లకు ధైర్యం కూడగట్టుకుని వెళ్లాను. పెరట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. చూపు మందగించింది. నన్ను గొంతుతో గుర్తుపట్టి, "టీచరమ్మ వచ్చిందే, చాయ్ పెట్టుండ్రి" అని లోపలికి కేకేసింది. ఇంటి ఊసెత్తలేదు. మిగతా పదముగ్గురి గురించీ వరసగా అడిగింది. నర్సు పిల్ల ఏ దవాఖానలో చేస్తోంది, ఫలానా పిల్లకు ఎందరు పిల్లలు అని. నాకు తెలిసినంత చెప్పాను. చివరికి, "దొంకేశ్వర్ పిల్ల సదువు మల్ల మొదలువెట్టిందా?" అంది.

"లేదు పెద్దమ్మా. ఇద్దరు పిల్లలు. కూలికి పోతుందట."

ఆమె ఇంకో చింతపండు ముక్క అందుకుని గింజ తీసింది. "మంచిగ సదివేది" అంది. క్షమించానని గానీ, క్షమించలేదని గానీ అనలేదు. ఆ తర్వాత రెండేళ్లకు పోయిందని విన్నాను.

వందేళ్ల టేకు ఎక్కడో ఒకచోట ఎవరి వరండాలోనో నిలబడే ఉంటుంది. దానికి ఇంకో వందేళ్లు ఆయువుంది, దాని గురించి నాకు బెంగ లేదు. కొయ్యకు ఎన్నేళ్లు గడిస్తే అంత విలువ. ఒక పిల్లకు పదిహేడో ఏడు మాత్రం ఒక్కసారే వస్తుంది, ఒక్క ఏడాదే ఉంటుంది.