ఎర్రకారు ముక్కు దగ్గర నాలుగంగుళాలు

ఆ రోజుల్లో బందరులో కార్లను కూడా మనుషుల్లాగే ముఖం చూసి గుర్తుపట్టేవాళ్ళం. ఒక డాక్టరుగారి కారు ఎప్పుడూ దిగులుగా ఉండేది. ఒక రైసుమిల్లు వాళ్ళ కారు ఎవరినో తిట్టడానికి బయల్దేరినట్టుండేది. ఇప్పుడు రోడ్డు నిండా కార్లే గానీ ఒక్కదాని ముఖమూ గుర్తుండదు. నేను చెప్పబోయేది 1998 నాటి సంగతి. అప్పటికి నా వయసు నలభై ఒకటి, నా ఉద్యోగం వయసు మూడు నెలల పది రోజులు. కాబట్టి దీన్ని నా చిన్నతనపు ముచ్చటగానే లెక్కవేసుకోండి (పుట్టిన తేదీని బట్టి కాదు, పనిలో చేరిన తేదీని బట్టి).

పిల్లలు కాలేజీలకి వెళ్ళడం మొదలయ్యాక నేను పగలంతా ఇంట్లో పచ్చడి జాడీల మీద తేదీలు అంటిస్తూ కూర్చునేదాన్ని. చూసీ చూసీ మా ఆయన, "ఈ చాదస్తమేదో నలుగురికీ పనికొచ్చే చోట పెట్టరాదూ?" అన్నారు. అలా పెళ్ళి ఊరేగింపులకి కారు అద్దెకిచ్చే షాపులో బుకింగు పుస్తకం రాసే పనిలో చేరాను. యజమానిని ఊరంతా మావయ్య అనేది, నేనూ మావయ్యగారనే అన్నాను. మొదటి రోజే ఆయన, "చూడమ్మాయ్, ముహూర్తం మన కోసం ఆగదు. పుస్తకంలో రాసింది రాసినట్టు జరగాలి" అన్నారు. నాకు అంతకంటే కావలసిందేముంది? తేదీ, ముహూర్తం, ఊరు, దారిలో గతుకులు, పూల జాలరు కట్టడానికి బానెట్ పొడవు వెడల్పులు, అన్నీ రాసిపెట్టాను. బానెట్ పొడవు సరిగ్గా నలభై ఆరు అంగుళాలు. ఆ అంకెని దయచేసి గుర్తుంచుకోండి.

ఇక ఆ కారు. నేను చేరడానికి చాలా ఏళ్ళ ముందు, పాత పేపర్ల కొట్లో దొరికిన విదేశీ పత్రికలో ఒక స్పోర్ట్స్ కారు బొమ్మ చూసి మావయ్యగారు మతి పోగొట్టుకున్నారట. మూలపడ్డ రెండు తలుపుల కారు ఒకటి కొని, పైకప్పు కోయించి, ఆ బొమ్మను టింకరు తాత చేతిలో పెట్టారు. (ఇనపరేకుని పూరీపిండిలా వంచగలిగిన మనిషి, మాట మాత్రం వంగదు.) పదకొండు నెలలకి అది ఎర్రకారై బయటికొచ్చింది. ముందు రెండు పెద్ద గుండ్రటి హెడ్‌లైట్లు. ఏదో వింత చూసి నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయిన పసిపిల్ల కళ్ళలా ఉండేవి. నేను చేరిన మొదటి వారం దాన్ని తుడిచే నెపంతో రోజూ రెండుసార్లు చుట్టూ తిరిగి చూసేదాన్ని. గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా ఆ కళ్ళు ఎరగని ఊరు లేదు. వేగం మాత్రం నడక వేగమే, ఎందుకంటే ముందు బ్యాండుమేళం నడవాలి కదా. అయినా దాన్ని స్పోర్ట్స్ కారు కాదంటే కుర్రాళ్ళు కొట్టడానికొచ్చేవారు.

ఒకరోజు చల్లపల్లి నుంచి ఒకమ్మాయి వచ్చింది. నర్సుగా పనిచేస్తోందట. పెళ్ళికూతురే స్వయంగా వచ్చి కారు బుక్ చేసుకోవడం మా షాపులో అదే మొదలు. సోడాబుడ్డి అద్దాల గుండ్రటి కళ్ళజోడు. "పిన్నిగారూ, ఆ గుండ్రటి కళ్ళ కారే కదండీ వచ్చేది?" అని మూడుసార్లు అడిగింది. ఎందుకమ్మా అన్నాను.

"చిన్నప్పుడు బళ్ళో అందరూ నన్ను కళ్ళజోడు పిల్లా అని ఏడిపించేవారండీ. ఒకసారి ఈ కారు మా వీధిలోకొచ్చింది. మా అన్నయ్య, అదుగోవే, దానికీ నీలాగే కళ్ళజోడుంది, ఊరంతా దాని వెనకే పోతోంది చూడు అన్నాడు. అప్పట్నుంచి ఎవరేమన్నా నాకేం అనిపించలేదండీ. ఇప్పుడు పెళ్ళిలో కళ్ళజోడు తీసెయ్యమని మా వాళ్ళంతా ఒకటే గొడవ. ఫొటోలు బాగా రావట. ఆ కారులో కూర్చుంటే నేను తియ్యక్కర్లేదు."

నేను పుస్తకంలో తేదీ పక్కన 'గుండ్రటి కళ్ళు' అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఆ పిల్ల ఆ గీతలు చూసి నవ్వి వెళ్ళింది.

సరిగ్గా పన్నెండు రోజులకి పాత పేపర్ల కొట్టు నుంచి ఇంకో పత్రిక వచ్చింది. అందులో అదే స్పోర్ట్స్ కారు, కానీ ముఖం మారింది. ఒళ్ళంతా పాతదే. గుండ్రటి దీపాలు పోయి, పక్కకి సాగిన సన్నటి దీపాలొచ్చాయి, ముక్కు కాస్త ముందుకు పొడుచుకొచ్చింది. మావయ్యగారు పత్రిక మూసి, "అసలుదే మారిపోయాక మనది మారకపోతే నవ్వరూ?" అన్నారు. నేను పుస్తకం చూపించబోయాను. "అమ్మాయ్, కారు అదే కదా" అన్నారు. మూడు వారాలు కారు టింకరు తాత షెడ్డులో ఉంది. కొత్త ముఖంతో కోనేరు సెంటరు మీదుగా వచ్చేసరికి షాపు ముందు జాతర.

"ఎవరో లెంపకాయ కొట్టినట్టుందిరా!" అన్నాడొక కాలేజీ కుర్రాడు. "నీకేం తెలుసురా బావా, ఇదే ఇప్పుడు ఫ్యాషను" అన్నాడు ఇంకొకడు. ఇద్దరూ వారం పాటు మాట్లాడుకోలేదు. చేపల తట్టతో అటుగా పోతున్న ఒకామె ఆగి, వంగి, కారు కళ్ళలోకి తేరిపార చూసింది. "తాజా చేపకి కన్ను పైకుంటదమ్మా. ఇది ఐసులో మూడోరోజు" అని తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను ఒక నోటుపుస్తకంలో 'బాగుంది', 'బాగోలేదు' అని రెండు గళ్ళు గీసి మూడు రోజులు లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి, ఎనభై ఏడు. (చేపలామెది ఒక్క ఓటే వేశాను, నిజానికి పదికి సమానం.) మావయ్యగారికి చూపిస్తే, "ఓట్లేసి ముఖాలు మారుస్తారా అమ్మాయ్?" అని పుస్తకం వెనక్కి తోశారు.

పత్రిక చివరి పేజీల్లో పాఠకుల ఉత్తరాలుంటే డిక్షనరీ పెట్టుకుని చదివాను. ఎక్కడో సముద్రాల అవతల మనుషులు ఆ కారు దీపాల గురించే కొట్టుకుంటున్నారు. ఒకాయన, పాత కళ్ళు చూసి పదేళ్ళు డబ్బు దాచుకున్నాను, ఇప్పుడు ఈ ముఖాన్ని ఎలా కొననని రాశాడు. ఆయనకి బందరు తెలీదు, మాకు ఆయన ఊరు తెలీదు, అయినా ఇద్దరి దుఃఖమూ ఒక్కటే!

ఈలోగా పూలబ్బాయి వచ్చి నా మీద ఎగిరాడు. "మీరిచ్చిన కొలత తప్పండీ! జాలరు నాలుగంగుళాలు చాల్లేదు." నా కొలత తప్పా? వెళ్ళి కొలిచాను. యాభై. మళ్ళీ కొలిచాను. యాభై. టేపు కుంచించుకుపోయిందేమోనని కొత్త టేపు కొన్నాను. అదీ యాభయ్యే చెప్పింది. ముక్కు కొంచెం సాగింది సరే, మరీ నాలుగంగుళాలా? రేకు అంత వృథా చేసే మనిషి కాదే టింకరు తాత! వారం రోజులు ఆ నాలుగంగుళాలు నాకు అన్నం సహించనివ్వలేదు. అంతలో పెళ్ళి తేదీ నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. ఆ పిల్లకి ఏమని చెప్పను? కళ్ళజోడు తీసెయ్యమనా?

చివరికి తాత షెడ్డుకి వెళ్ళాను. ఏదో చిన్న మరమ్మతుకని కారు అక్కడే ఉంది. "తాతగారూ, పాత ముఖం మళ్ళీ చెయ్యాలంటే ఎన్ని రోజులు పడుతుందండీ?" అన్నాను. ఆయన బీడీ ఆర్పి, "పదమూడో నంబరు స్పానరు ఎక్కడ పెట్టానో వెతుక్కోవాలమ్మా. అది దొరికితే పావుగంట" అన్నాడు. తర్వాత కారు కింద దూరి నాలుగు బోల్టులు ఊడదీశాడు. లేచి, ఆ కొత్త ముఖాన్ని రెండు చేతులా పట్టుకుని, పెళ్ళికూతురి మేలిముసుగు తీసినంత మెల్లగా ముందుకి లాగాడు. లోపల నాలుగంగుళాల వెనక, దుమ్ముపట్టి, ఆ గుండ్రటి కళ్ళు! నన్నే చూస్తున్నాయి. నేను అక్కడున్న టైరు మీద కూలబడ్డాను.

"మావయ్యగారు మార్చమన్నారు, మార్చాను. కొయ్యమని అనలేదు కదమ్మా" అన్నాడు తాత. "పదకొండు నెలలు నా చేత్తో కొట్టిన రేకది. దాని మీద రంపం ఎలా పెట్టను? పైన తొడుగేశాను." రెండు టేపులతో వారం రోజులు కొలిచిన నాకు తట్టనిది ఆ తొడుగే. అంకె సరిగ్గా చెప్పింది, నేనే వినలేదు.

పెళ్ళిరోజు పొద్దున మావయ్యగారు షెడ్డుకొచ్చి కారుని చూసి ఆగిపోయారు. "ఇదెవరి పని?" అన్నారు. తాత స్పానరు తుడుచుకుంటూ నా వంక చూశాడు. మూడు నెలల ఉద్యోగం ఆ పూటతో సరి అనుకుంటూ పుస్తకం తెరిచి, రెండు గీతల దగ్గర వేలు పెట్టాను. "రాసింది రాసినట్టు జరగాలన్నారు కదండీ." ఆయన భుజం మీది కండువా తీసి, ఎడమ కంటి అద్దం మీద దుమ్ము తుడిచారు. కుడి కన్నూ తుడిచారు. తర్వాత అటు తిరిగి, "టైర్లలో గాలి చూశారా?" అన్నారు.

రాసింది జరిగిందో లేదో చూడకపోతే నాకు తోచదు కాబట్టి బస్సెక్కి చల్లపల్లి వెళ్ళాను. సాయంత్రం అయిదు గంటల పది నిమిషాలకి ఎర్రకారు మలుపు తిరిగింది. నలభై ఆరు అంగుళాల బంతిపూల జాలరు అతికినట్టు సరిపోయింది. వెనక సీట్లో పెళ్ళికూతురు, కళ్ళజోడుతో. పొద్దువాలే ఎండ ఆ రెండు అద్దాల మీదా, ఈ రెండు దీపాల మీదా ఒక్కసారే పడింది. బ్యాండువాళ్ళు ఎందుకో ఒక్క క్షణం వాయించడం ఆపారు. ఆ పిల్ల నన్ను జనంలో చూసి, కళ్ళజోడు ముక్కు మీదికి ఎగదోసుకుని నవ్వింది. ఆ తర్వాత మా పుస్తకంలో కొత్త గడి ఒకటి చేరింది: పాత ముఖమా, కొత్త ముఖమా?

ఇప్పుడు నాకు అరవై ఏడు దాటాయి. ఎత్తు ఒక అంగుళం తగ్గింది (రెండు టేపులతో చూశాను). ఆ ఓట్ల పుస్తకం ఇంకా ఉంది, అందులో నా ఓటు మాత్రం లేదు. ఒక్కోసారి పొద్దున్నే జడ వేసుకుంటూ అద్దంలో ఈ కొత్త ముఖాన్ని చూసి, నలభై ఒకటో ఏట కొత్తగా ఉద్యోగంలో చేరి, కారు చుట్టూ రోజూ రెండుసార్లు తిరిగిన ఆ మనిషి ఏమైపోయిందా అనుకుంటాను. అంతలో తాత గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఎక్కడికీ పోయుండదు. పదమూడో నంబరు స్పానరు ఎక్కడ పెట్టానో వెతుక్కోవాలి, అంతే.