ఇప్పుడమ్మ చెయ్యి

అసలు పేరు ఏదైతేనేం, ప్రసూతి ఆసుపత్రిలో ఆవిణ్ణి అందరూ ఇప్పుడమ్మ అనే పిలిచేవారు. నొప్పులు పడే ఆడవాళ్ల పొట్ట మీద చెయ్యి వేసి "ఇప్పుడు!" అనడమే ఆ నర్సమ్మ పని మరి. ఆ గదిలో గోడ పక్కన ఒక సిలిండరు, దానికో గొట్టం, గొట్టం చివర మాస్కు ఉంటాయి. అందులోది నవ్వించే గ్యాసంటారు. నవ్వూ లేదు, నా బొందా లేదు! పీలిస్తే తల తేలికై నొప్పి కాస్త దూరంగా జరుగుతుంది, అంతే. అయితే దానికో పేచీ ఉంది. పీల్చిన వెంటనే అది పనిచెయ్యదు. పొట్ట గట్టిపడడం మొదలవగానే, నొప్పి ఇంకా పైకి లేవకముందే పీల్చాలి. ముంచుకొచ్చాక పీల్చడమంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వుకోవడమే.

పొట్ట అలా గట్టిపడడం మొదలైన సంగతి, మోస్తున్న మనిషి కంటే ముందు ఇప్పుడమ్మ అరచేతికి తెలిసేది. "మీ హస్తవాసి మంచిదమ్మా" అని వెళ్లేటప్పుడు ఆడవాళ్లు ఆ చెయ్యి పట్టుకుని మరీ చెప్పేవారు. ఆవిడకూ ఆ చెయ్యంటే తగని గర్వం.

అలాంటి చేతికి తిమ్మిరి పట్టింది. ముందు వేళ్ల చివర్లు, ఆ తర్వాత అరచెయ్యి. ఒకరోజు వంటింట్లో వేడి గిన్నె పట్టుకుని, చర్మం కాలిన వాసన వచ్చాక గానీ వదల్లేదు. షుగరే తిన్నదో, అన్నేళ్లు ఆ గదిలో పీల్చిన గ్యాసే తిన్నదో, డాక్టర్ని అడిగితే కదా తెలిసేది! అడిగితే ఆ గదిలోంచి తీసేసి మందులిచ్చే కిటికీ వెనక కూర్చోబెడతారని భయం. అందుకని ఆడవాళ్ల మొహాలు కనిపెడుతూ నెట్టుకొచ్చింది. ఎప్పుడైనా తప్పితే "ఇవాళ గ్యాసు సరిగా రావడం లేదు" అని నెపం సిలిండరు మీద వేసేది. సిలిండరుకు నోరు లేదు కదా.

ఇంతలో కోడలికి నెలలు నిండాయి. తల్లి లేని పిల్ల. నొప్పులంటే హడలు. ఆపరేషన్ చేయించెయ్యమని మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది.

"ఎందుకే పిచ్చిదానా, నేను లేనా? నా చెయ్యి ఉన్నంతసేపూ నొప్పి నీ దరిదాపులకు రాదు" అంది అత్తగారు.

అనేశాక తిమ్మిరి గుర్తొచ్చింది. మాట వెనక్కి తీసుకుంటే చేతి సంగతి బయటపడుతుంది.

ఆ రోజు రానే వచ్చింది. కోడలి చేతిలో మాస్కు, దుప్పటి కింద పొట్ట మీద అత్తగారి చెయ్యి. ఒక పక్క డాక్టరమ్మ, ఇంకో పక్క తోటి నర్సు. పొట్ట బిగుసుకుంది. ఇప్పుడమ్మకు ఏమీ తెలియలేదు. కోడలి కాలివేళ్లు ముడుచుకోవడం చూశాక "ఇప్పుడు!" అంది. నొప్పి అప్పటికే నడుము విరిచేస్తోంది. అది తగ్గాక గ్యాసు తలకెక్కి, పిల్ల ఊరికే మగతలో తూలింది.

రెండోసారీ అంతే. ఆ తర్వాత ఇంకా ఘోరం. నొప్పి వచ్చినా పిల్ల మాస్కు ముక్కు దగ్గర పెట్టుకోదు. పెదవి కొరుక్కుంటూ అత్తగారి నోటి వైపే చూస్తుంది. పెదవి మీద రక్తం ఆవిడ కంటపడింది. 'చెప్పి చావవేం, ముదనష్టపుదానా!' అని తనను తానే తిట్టుకుంది. తోటి నర్సు చూస్తోంది, డాక్టరమ్మ చూస్తోంది. అలా నొప్పి మీద నొప్పి వచ్చిపోతూనే ఉంది.

చివరికి పిల్ల గది అదిరేలా కేక పెట్టింది.

"నాకు తెలియడం లేదే తల్లీ! నా చెయ్యి మొద్దుబారిపోయింది. నా కోసం ఆగకు, నువ్వే పీల్చెయ్!" అని ఇప్పుడమ్మ బావురుమంది.

తోటి నర్సు గబగబా వచ్చి తన చెయ్యి వేసింది. డాక్టరమ్మ దుప్పటి తొలగించి చూసి, "ఇంక మాస్కెందుకు? తల కనిపిస్తోంది. గట్టిగా ముక్కమ్మా" అంది.

ఆడపిల్ల పుట్టింది, లక్షణంగా ఉంది. వార్డులోకి మార్చాక ఇప్పుడమ్మ మంచం పక్కన స్టూలు మీద కూలబడింది.

"నన్ను తిట్టవే. చెడామడా తిట్టు."

కోడలి గొంతు బొంగురుపోయింది. "మొదటి నొప్పికే తెలిసిపోయింది అత్తయ్యా, మీ చేతికి ఏమీ తెలియట్లేదని."

"మరి నువ్వే పీల్చుకోవచ్చు కదే?"

"మీరు చెప్పకుండా పీలిస్తే వాళ్లకీ తెలిసిపోతుంది కదా. అందరిలో మీ పరువు పోతుంది. కాసేపు ఓర్చుకుందాంలే అనుకున్నా. అంత నొప్పని నాకేం తెలుసు?"

ఇప్పుడమ్మకు తల కొట్టేసినట్టయింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంతలో ఉయ్యాల్లో పసిది కెవ్వుమంది. ఆవిడ లేచి చేతులు చాచింది.

"వద్దత్తయ్యా" అంది కోడలు, ఆ చేతుల వైపు చూసి. కోపంగా కాదు, మర్యాదగానే అంది. కుట్లు లాగుతున్నా తనే వంగి పిల్లను తీసుకుంది.