ఏడువందలు కాదు, తొమ్మిదివందల ముప్పైమూడు

మా కంప్యూటర్ సార్ పోయారని పెనుకొండ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆయన సెంటర్‌లో నాతోపాటు నేర్చుకున్న స్నేహితురాలు. ఏడుస్తూనే, "పాపం, చానా నెమ్మది మనిషి. అందుకే పైకి రాలేకపోయినాడు" అంది. నా ఏడుపు ఆగిపోయి కోపం వచ్చింది. ఇంకేమైనా అను, ఆయన్ని నెమ్మది అనొద్దు అన్నాను. ఆ మాట మనిషిని ఎంత కుంగదీస్తుందో నాకు తెలుసు. అందులోంచి నన్ను బయటికి లాగింది ఆయనే.

సార్‌ది రెండు గదుల సెంటర్. మిషన్ ఆన్ చేయగానే నల్లతెర మీద తెల్ల అక్షరాలు పడతాయి కదా, వాటిని రోజూ మాచేత గట్టిగా చదివించేవారు. విసుక్కుంటే, "అది తన పేరు చెప్పుకుంటాంది. మనిషొచ్చి పేరు చెప్తాంటే మొగం తిప్పుకుంటారా?" అనేవారు. పక్క వీధిలో ఏసీ సెంటర్ తెరిచాక పిల్లలంతా అటు వెళ్ళిపోయారు. అక్కడ అక్షరాలు చదివించరు, త్వరగా సర్టిఫికెట్ ఇస్తారు. సార్‌ను నెమ్మది అన్నది ఈ లెక్కన!

నేర్చుకున్నాక నాకు ధర్మవరంలో ఒక పట్టుచీరల డిజైన్ షాపులో పని దొరికింది. అంచులు, కొంగులు కంప్యూటర్‌లో గీయడం నా పని. నాయన చూపు మందగించి మగ్గం దిగాడు, ఇల్లు నా పని మీదే నడిచేది. షావుకారు హిందూపురం నుంచి కొత్త కంప్యూటర్ తెప్పించాడు. దాని వేగం తొమ్మిదివందల ముప్పైమూడు మెగాహెర్ట్జ్ అని అట్టపెట్టె మీద ముద్ర ఉంది. కానీ పెద్ద కొంగు డిజైన్ తెరిస్తే అది కదిలేది కాదు. షావుకారు అమ్మినవాణ్ణి పిలిపించాడు. వాడు రెండు గీతలు గీసి చూసి, "మిషన్ బంగారం. కూచున్న మనిషే నెమ్మది" అని తేల్చి బస్సెక్కాడు. ఆ రోజు నుంచి షాపులో నాకు అదే పేరు. నెలాఖరుకు మానుకొమ్మన్నారు.

ఆదివారం సార్‌కు చెప్పుకున్నాను. సోమవారం తెల్లవారి మొదటి బస్సుకే, ఎవరూ పిలవకుండా, దిగారు.

ఆ షాపులో ఒక ఆచారం ఉండేది. పొద్దున్నే షావుకారు సీపీయూ ఆన్ చేసి, కుంకుమ పెట్టి, కర్పూర హారతి ఇచ్చేవాడు. హారతి అయ్యేదాకా మానిటర్ వేయకూడదు. గుడిలో అలంకారం కాకముందు తెర తీయరు కదా, అలాగన్నమాట. కాబట్టి ఆ తెల్ల అక్షరాలను మేమెవరమూ ఒక్కనాడూ చూడలేదు. నా తప్పూ ఉంది. తేదీ రోజూ వెనక్కి పోయి ఉండేది. సరిచేసి పనిలో పడేదాన్నే గానీ, ఎందుకలా అని అడగలేదు. సార్‌తో చెప్పుకున్నప్పుడే ఆ మాటా బయటపడింది.

"ముందు మానిటర్ ఎయ్యప్పా" అన్నారు సార్.

"హారతి కాకుండానా?" షావుకారు పళ్ళెం పట్టుకుని నిలబడిపోయాడు.

"హారతి వద్దనలేదు. ఆ సామి కూడా చూస్తాడులే, ఎయ్యి."

అక్షరాలు పడ్డాయి. సార్ వేలు పెట్టి చదివించారు. ఏడువందలు! అట్టపెట్టె తెప్పించి పక్కన పెట్టారు. తొమ్మిదివందల ముప్పైమూడు. మూత విప్పి, గుండీ అంత బ్యాటరీని గోటితో తీశారు.

"కొత్త డబ్బాలో చచ్చిన బ్యాటరీ పెట్టి అమ్మినాడు. సాయంత్రం మీరు మెయిన్ స్విచ్ తీసేస్తానే ఇది తేదీ మరిచిపోతాంది, తన వేగమూ మరిచిపోతాంది. పొద్దున్నే భయపడి, తగ్గించుకోని నడుస్తాంది. ప్రాసెసర్‌లో ఏం లోపం లేదు. ఈ పాపలోనూ లేదు."

జేబులోంచి కొత్త బ్యాటరీ తీసి పెట్టారు. ప్రాసెసర్‌కు బోర్డు వేసే తాళం, అంటే బస్ స్పీడ్, నూరుకు పడిపోయి ఉంటే నూట ముప్పైమూడు చేశారు; ప్రాసెసర్ దానికి ఏడింతల వేగంతో నడుస్తుంది. మళ్ళీ ఆన్ చేస్తే పెట్టె మీది అంకే తెర మీద పడింది. నా కొంగు డిజైన్ గబుక్కున తెరుచుకుంది.

"సరిపాయె గదా సార్, టీ తాగండి" అన్నాడు షావుకారు.

"టీ తర్వాత. నెల దినాలు ఈ పాపను నెమ్మది అంటివి. ఆ మాట ఎనక్కి తీసుకో."

"పోనీ సార్, అందరి ముందరా..."

"అందరి ముందరే గదప్పా అన్నింది!"

అంత కోపం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. షావుకారు పళ్ళెంకేసి చూస్తూ, "నీది తప్పు లేదు పాపా" అన్నాడు. అప్పుడు సార్ చల్లారిన టీ తాగారు. నా పని నిలిచింది. హిందూపురం వాడిని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. వాడిప్పుడు రెండంతస్తుల షాపు కట్టుకున్నాడు, వాడు పైకొచ్చినవాడట! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పదకొండో రోజున పెనుకొండ వెళ్ళాను. సార్ ఫోటో పక్కనే ఆయన కంప్యూటర్ పెట్టి, ముసుగు తీయకుండానే దండ వేశారు. సార్ భార్య హారతి వెలిగించబోతే, "ఒక్క నిమిషం అమ్మా" అన్నాను. ముసుగు తీసి, ముందు మానిటర్, తర్వాత సీపీయూ ఆన్ చేశాను. స్నేహితురాలు నా పక్కకు వచ్చి నిలబడింది. తెల్ల అక్షరాలు ఒక్కొక్కటే పడుతుంటే, ఆయన నేర్పినట్టే ఇద్దరం గట్టిగా చదివాం. వేగం సరిగ్గా ఉంది. చివర్న తేదీ. ఆయన లేని పదకొండో రోజు, నిమిషంతో సహా తప్పు లేకుండా పడింది.

అప్పుడు హారతి ఇచ్చారు.