మేడ ఎక్కిన పనస బీరువా

టెక్కలిలో మేం కొన్నది ఒక పాత మేడ ఇంట్లో పై వాటా. తాతల నాటి కట్టడం. మూరెడు మందం సున్నపు గోడలు, పైన టేకు దూలాలు, మధ్యగది దూలాలకి నాలుగు ఇనప రింగులు. మొదటిసారి తలెత్తి ఆ రింగులు చూడగానే ఈ ఇల్లు నాకు కావాలనిపించింది. ఎవరో ఒకప్పుడు అక్కడ ఉయ్యాల బల్ల వేసుకుని ఊగారు. ఇక నేను ఊగాలి. మా ఆయన గోడల పగుళ్ళు చూసి నసుగుతున్నాడు గానీ నేను అప్పటికే మనసులో ఊగుతున్నాను.

ఇలాంటి ఇంట్లో నాలుగేళ్ళకి ఉబ్బిపోయే రెడీమేడ్ సామాను పెడితే ఇంటిని అవమానించినట్టేనని నా పంతం. "మన తర్వాత కూడా ఉండే వస్తువులే ఈ మెట్లెక్కాలి," అని బడిలో పిల్లలకి చెప్పే గొంతుతో మా ఆయనకి చెప్పాను. ఆయన గుమస్తా. ఎదురు చెప్పకుండా తలాడించడం ఆఫీసులో బాగా నేర్చుకున్నాడు.

చెక్కకి వెతుక్కోనక్కర్లేదు. సోంపేట దగ్గర మా అత్తవారి తోటలో పెద్ద పనస చెట్టు తుఫానుకి వేళ్ళతో సహా పడిపోయింది. ఆ ఊరి వడ్రంగి మేస్త్రి దాన్ని పొయ్యిల పాలు కానివ్వలేదు. దుంగని నీటిగుంటలో నానబెట్టి, పలాసలో కోయించి, పలకకీ పలకకీ మధ్య పుల్లలు పెట్టి రెండేళ్ళు తన పాకలో ఆరబెట్టాడు. లెక్క చూస్తే ఒక బీరువాకీ ఒక ఉయ్యాల బల్లకీ సరిగ్గా సరిపోయింది. అంతకు మించి ముక్క లేదు, ఇంకో చెట్టూ లేదు.

కొలతలకి వచ్చిన రోజు మేస్త్రి గదుల వంక చూడనే లేదు. చేతిలో వెదురు బద్ద పట్టుకుని మెట్ల మలుపు దగ్గరే కూర్చున్నాడు. అటు పెట్టి, ఇటు పెట్టి, బద్ద మీద గీత గీసుకున్నాడు.

"బీరువా పెట్టేది గదిలో మేస్త్రీ, మెట్ల మీద కాదు," అని వెటకారమాడాను.

"అదే సెప్తన్నాను టీచరమ్మా, ఈ మలుపుంది సూడు..." అని ఆయన మొదలుపెట్టేలోగా నేను పాలిష్ సంగతి ఎత్తుకున్నాను. ఎదుటివాళ్ళ మాట సగంలో తుంచేయడం నాకున్న జబ్బు. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

పైన సున్నం పని జరుగుతోందని కింది వాటా వాళ్ళు తమ వసారా ఇచ్చారు. మేస్త్రి అక్కడే పని పెట్టుకున్నాడు. బడి నుంచి రాగానే నేనూ ఓ పీట వేసుకుని కూర్చునేదాన్ని. ఆ పనితనం ఎంత చూసినా తనివి తీరేది కాదు. పలక చివర నాలుకలా చెక్కి, రెండో పలకలో తొలిచిన గాడిలో దింపితే మధ్యన వెంట్రుక దూరేది కాదు. ఆ రెంటినీ పట్టి ఉంచడానికి అడ్డంగా ఒక కర్ర చీల. మేకు లేదు, జిగురు లేదు. చిత్రిక పట్టినప్పుడల్లా పసుపు ముద్దలాంటి చెక్క బయటపడేది.

"మేకులు వెయ్యవా మేస్త్రీ?"

"ఎందుకేటి? నౌపడ అవతలి సముద్రం కాణ్ణించి ఉప్పుగాలి వత్తాది. మేకు తుప్పట్టి ఉబ్బుతాది, సెక్క సీలుతాది."

బీరువాని ఆ వసారాలోనే నిలబెట్టి చీలల్ని వదులుగానే వదిలేశాడు. "సెక్క ఒక వానా ఒక ఎండా సూడాల టీచరమ్మా. ఉబ్బుతాది, తగ్గుతాది, దాని ఒళ్ళు దానికి కుదురుతాది. ఎండలు పోయాక ఒచ్చి నానే బిగిత్తాను. అందాకా ముట్టుకోకండి," అని చెప్పి ఊరెళ్ళిపోయాడు. ఉయ్యాల పలకలు పాత దుప్పటి కప్పుకుని వసారా మూలన ఉండిపోయాయి.

వానాకాలంలో మా బడి టీచర్లు ఇల్లు చూడ్డానికొచ్చారు. ఒకావిడ బీరువా తలుపు లాగింది. బీరువా మొత్తం కిర్రుమని ఊగింది. "ఇదేటండీ, మనవల దాకా ఉంటాదన్నారు, కాఫీ తాగేదాకా ఉండేలా లేదు!" అందావిడ. అందరూ పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ముక్కు మీద కోపం ఊరుకుంటుందా? మర్నాడే ఫర్నిచర్ షాపులో పనిచేసే ఒకతన్ని పిలిపించాను. అతుకు అతుకుకీ జిగురు పోయించి మేకులు దిగ్గొట్టించాను. "మేస్త్రి మావకి ఒక మాట అడుగుదామే," అన్నాడు మా ఆయన. అడగనివ్వలేదు. అబ్బ, బీరువా ఎంత గట్టిగా నిలబడిందో! నెలల తరబడి నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఎండలు తగ్గాక మేస్త్రి కొత్త చీలల మూట చంకన పెట్టుకుని బస్సు దిగాడు. బీరువా పక్కపలక మీద పైనుంచి కిందికి చెయ్యి పోనిచ్చాడు. మేకు తల దగ్గర వేళ్ళు ఆగాయి.

"ఓలమ్మా! ఏటిది?"

చెప్పాను. ఆయన అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆయన అరవలేదు. మెట్ల కింద దాచిన పాత వెదురు బద్ద తెచ్చి బీరువాకి ఆనించాడు. గీత దాటి బీరువా ఇంకా మూరెడుంది.

"మలుపులో ఇది తిరగదు టీచరమ్మా. పలకలు ఇప్పి, పైకి మోసి, అక్కడ బిగిద్దామని సేసినాను."

ఆయన అతుకులన్నీ తట్టి చూసి నిదానంగా చెప్పాడు: "ఇప్పుడు ఇప్పితే రెండు పక్కపలకలూ సీలిపోతాయి. కొత్తవి ఎయ్యాలంటే ఉయ్యాల సెక్కే ఉంది. నేదంటే బీరువా ఇక్కడే ఒగ్గేయాల. ఏది గావాల? నువ్వే సెప్పు."

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. నా కళ్ళ ముందు నాలుగు రింగులే ఉన్నాయి. రెండేళ్ళు నీళ్ళూ నీడా చూసి ఆయన ఆరబెట్టిన చెక్క అది. ఆయన చేతి పనిని నేనే పాడుచేశాను. దాన్ని వసారాలో వదిలేసి పైన ఉయ్యాల ఊగితే నాకు సిగ్గుండొద్దూ? "బీరువా," అన్నాను. అని, కింది వాటా వాళ్ళు చూస్తున్నా సరే, ఏడ్చేశాను.

నాలుగు రోజులు పట్టింది. ఒక్కో పలకా ఆ మలుపులో సునాయాసంగా తిరిగి పైకెళ్ళింది. కొయ్య సుత్తితో చీలలు దిగ్గొడుతుంటే మేడంతా టక్కు టక్కుమంది. చివరి చీల దిగాక తలుపు వేలితో తోశాడు. చప్పుడు లేకుండా వెళ్ళి మూసుకుంది. ఊపి చూశాను. ఇంచు కదల్లేదు. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా.

"ఊరుకో టీచరమ్మా. పక్కలు పచ్చగా ఉన్నాయని బెంగెట్టుకోకు. పనస సెక్క దానంతటదే ఎర్రబడతాది. రెండేళ్ళకి రంగు కలిసిపోతాది, ఎవులికీ తెలీదు," అన్నాడు. తర్వాత జేబులోంచి గుడ్డమూట తీసి నా చేతిలో పెట్టాడు. పీకిన మేకులు. "ఇయ్యి మాత్రం నీయే టీచరమ్మా. నా పనిలో ఇయ్యి లేవు."

ఇప్పుడు రంగు చాలావరకు కలిసిపోయింది. వచ్చినవాళ్ళు తలెత్తి రింగులు చూసి, "ఉయ్యాల వేయించలేదేం?" అని అడుగుతారు. వేయించామని చెప్పి బీరువా పక్కలు చూపిస్తాను. నమ్మకపోతే పై సొరుగు లాగి గుడ్డమూట విప్పుతాను. మేకులు అప్పుడే తుప్పు పట్టాయి.