వదిన జుంకాలు, మస్కీ చేప

ఆ ఏడు చలికాలమంతా పార్సిప్పనీలో మా ఇల్లంతా నెయిల్ పాలిష్ వాసనే. ఇప్పటికీ ఏ షాపులోనైనా ఆ వాసన తగిలితే నా కాలు కాసేపు ఆగుతుంది. వదినంత తెలివైన మనిషి పక్కన కూర్చుని, అంత పనికిరాని పని అంత శ్రద్ధగా చేసిన ఆ సాయంత్రాలు ఏటా వస్తూనే ఉంటాయనుకున్నాను. వయసులో ఉన్నప్పుడు ఏదైనా మళ్లీ వస్తుందనే అనిపిస్తుంది కదా.

నేనప్పుడు చదువు ముగించి, ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో టెస్టర్‌గా కొత్తగా చేరి, అన్నయ్యా వదినల అపార్ట్‌మెంట్‌లో ఉండేదాన్ని. మాది తెనాలి, వదినది వరంగల్. అక్కడ ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పిన మనిషి ఇక్కడికి డిపెండెంట్ వీసా మీద వచ్చింది కాబట్టి ఉద్యోగం చేయడానికి వీల్లేదు. వచ్చిన కొత్తలో ఇల్లంతా సర్దింది, తర్వాత సర్దిందాన్నే మళ్లీ సర్దింది. ఆ వేసవిలో అన్నయ్య ఆఫీసు వాళ్ల పిక్నిక్‌కి ఉత్తరాన కొండల మధ్య ఉన్న ఒక సరస్సుకి వెళ్లాం. అందరూ సమోసాల దగ్గర మూగితే, వదిన ఒక్కతే నీళ్లలోకి కట్టిన చెక్క వంతెన చివరిదాకా వెళ్లి నిలబడింది. తిరిగొచ్చి నా చెవిలో, "చిట్టీ, నీళ్లల్ల ఒకటి వచ్చింది. నా చెయ్యంత పొడుగుంది. పైకొచ్చి, నన్ను చూసి, మళ్ల కిందికి పోయింది" అంది. "చేపా వదినా?" అన్నాను. "చేపనే. గని మనల్ని చూసే చేప" అంది.

దాన్ని మస్కీ అంటారని ఆ రాత్రే తెలుసుకుంది. మొసలి మూతి, పాము ఒళ్లు, చారల చొక్కా వేసుకున్నట్టుండే వేటచేప. పదివేలసార్లు గాలం విసిరితే గాని పడదని ఇక్కడి జాలర్లు చెప్పుకుంటారు. పైగా ఆ సరస్సులో దాన్ని పట్టినవాళ్లు ఫోటో తీసుకుని తిరిగి నీళ్లలో వదిలేస్తారట. ఈ మాట విన్నాక అన్నయ్య ఆశ చచ్చిపోయింది. "పులుసు పెట్టేదైతే నేనూ వస్తాను. పట్టి వదిలెయ్యడానికి అంత దూరం డ్రైవ్ చెయ్యడం దేనికి? ఇక్కణ్నుంచే వదిలేద్దాం" అన్నాడు. వదిన పట్టించుకోలేదు. వసంతకాలమంతా ఆ వేట మూసి ఉంచి, వేసవి మొదట్లో ఒక శనివారం సీజన్ తెరుస్తారు. ఆ శనివారం కోసం ఆమె చలికాలం నుంచే సిలబస్ వేసుకుంది. (సిలబస్ అన్నది ఆమె మాటే. నేను ఆమె క్లాసులో ఉన్న ఏకైక విద్యార్థిని.)

చేపను మోసం చేసే బొమ్మ చేపల్ని ఇక్కడ లూర్లంటారు. షాపులో కొన్నవి వదినకు నచ్చలేదు. "ఇవి చూడనీకి మనకు బాగున్నయ్, చేపకు కాదు" అని, ఒక సాయంత్రం అప్పడాల కర్రను మూడు ముక్కలు చేసింది. ఆఫీసు నుంచి వచ్చిన అన్నయ్య "ఇవాళ చపాతీలు లేవా?" అని అడిగితే, "కర్ర చేపయిందండీ" అంది, తల ఎత్తకుండా. ఆ ముక్కల్ని చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, కడుపులో సీసం గుళ్లు పెట్టి, నా నెయిల్ పాలిష్‌లతో చారలు వేసింది. నీళ్లలో తళుక్కుమనడానికి తన పెళ్లినాటి గిల్టు జుంకాలు విప్పి రేకులు కట్టింది. ఆరడానికి ఆ ఎరల్ని బాత్రూమ్ కర్టెన్ కర్రకు వరసగా వేలాడదీసేవాళ్లం. ఒకసారి భోజనానికొచ్చిన అంకుల్ ఒకాయన చేతులు కడుక్కుందామని లోపలికెళ్లి, తడి చేతులతోనే బయటికొచ్చి, తన భార్యతో మెల్లగా ఏదో అన్నారు. ఆవిడ కూడా వెళ్లి చూసొచ్చి, "వదినగారూ, ఆ ఎర్ర జుంకాలు ఎక్కడ తీసుకున్నారు?" అని వదినను అడిగారు.

ఎత్తుగడలు కూడా బాత్రూమ్‌లోనే నేర్చుకున్నాం. మస్కీ ఎర వెనకాలే పడవదాకా వచ్చి, చివర్లో అనుమానంతో ఆగుతుందట. అప్పుడు ఎరను పైకి తీసేయకుండా, గాలం కర్ర కొనను నీళ్లలో ముంచి ఎనిమిది అంకె తిప్పాలి. స్నానాల తొట్టి నింపి, చీపురు కర్రకు ఎర కట్టి, వదిన నాచేత ఎనిమిదులు దిద్దించింది. "గట్ల గుంజకు. మలుపు కాడ పెద్దగ తిప్పు, దాని ఒళ్లు పొడుగు, తిరగనీకి జాగ కావాలె." సీజన్ మొదట్లో ఏ ఎర వేయాలన్నదానికి ఆమె సిద్ధాంతం ఇంకా గట్టిది. "అప్పుడే గుడ్లు పెట్టి ఉంటది. బాలింత లెక్క అన్నట్టు. ఆకలుంటది, ఓపికుండది. పెద్ద ముద్ద పెడితే మొహం తిప్పుకుంటది. చిన్న ముద్ద, నిదానంగ." అందుకని మూడింటిలో చిన్నదాన్నే మొదట వేయాలని తేల్చాం. చేపను ఒళ్లో పెట్టుకుంటే పైటకు హుక్కులు చిక్కుకుంటాయని ఆ రోజుకు చుడీదార్లు వేసుకోవాలని కూడా తేల్చాం.

శనివారం తెల్లవారుతుండగా అద్దె పడవలో ఇద్దరం సరస్సులోకి వెళ్లాం. తెడ్లు నావి, గాలం వదినది. కొత్త నాచు మొలిచిన ఒక మూలకు పొమ్మంది, పోయాను. మధ్యాహ్నందాకా విసురుతూనే ఉంది. పులిహోర తిన్నాం. పక్క పడవల్లో పొడుగు గడ్డాల పెద్దమనుషులు మా వంక చూసి చెయ్యి ఊపారు. నాకైతే ఇంటికెళ్లి పడుకోవాలనిపించింది. అప్పుడే వదిన గొంతు మారింది. "చిట్టీ, ఊపిరి తియ్యకు."

చిన్న ఎర వెనక గోధుమరంగు దుంగ ఒకటి కదిలొస్తోంది. అదే మస్కీ. పడవదాకా వచ్చి ఆగింది. వదిన కర్ర ముంచి తిప్పింది, మలుపు దగ్గర పెద్దగా. రెండో చుట్టులో నీళ్లు బద్దలయ్యాయి. కర్ర విల్లులా వంగింది. ఆమె అరవలేదు, నేనే ఏదో అరిచాను. వల పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. అది పక్కకు తిరిగి తల పైకెత్తింది. పళ్ల మధ్య నా ఎర్ర నెయిల్ పాలిష్, దవడ పక్కన వదిన పెళ్లినాటి రేకు. ఒక్కసారి తల విదిలించింది, కర్ర నిటారుగా అయిపోయింది.

ఎర తిరిగొచ్చింది, హుక్కు మాత్రం రాలేదు. రెంటినీ కలిపే సన్న రింగు నోరు తెరుచుకుని ఉంది. వదిన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. "అన్నీ లెక్క కట్టిన, దీన్నే వదిలిన" అంది. తర్వాత, "పాపం, నోట్లె ముల్లుంది దానికి" అంది. కాసేపటికి నవ్వింది. "వచ్చే ఏడు మందం రింగు పెడదాం."

వచ్చే ఏడు రానే వచ్చింది. ఈలోగా అన్నయ్య ప్రాజెక్ట్ డాలస్‌కి మారింది, వదినకు వర్క్ పర్మిట్ వచ్చింది. ఆ కాగితం చూసి ముగ్గురం ఏడ్చాం, స్వీట్లు పంచాం. ఆమె డేటా ఉద్యోగంలో చేరి, గబగబా ఎదిగి, ఇప్పుడు పదిమందిని నడిపిస్తోంది. సంతోషించాల్సిన విషయమే, సంతోషించాను కూడా. కాని సామాను సర్దేటప్పుడు ఆ ఎరలు ఏ పెట్టెలోకి వెళ్లాయో ఎవరికీ గుర్తు లేదు. ఎప్పుడు కలిసినా "ఈ సమ్మర్ వెళ్దాం వదినా" అంటాను, "పోదాం" అంటుంది. పిల్లల పరీక్షలు, ఎవరివో పెళ్లిళ్లు, ఏళ్లు గడిచిపోయాయి.

ఈ ఏడాది సీజన్ మొదలయ్యే శనివారం నాకెందుకో మనసు ఆగలేదు. ఇప్పుడు నేనుంటున్న ప్లెయిన్స్‌బరో నుంచి ఒక్కదాన్నే కార్‌లో ఆ సరస్సుకి వెళ్లి, ఒడ్డున నిలబడి వదినకు ఫోన్ చేశాను. "ఆఫీసు రిలీజ్ కాల్‌లో ఉన్న, చెప్పు" అంది గొంతు తగ్గించి. వెనక ఎవరో డెడ్‌లైన్ గురించి గట్టిగా మాట్లాడుతున్నారు. "ఏం లేదు వదినా. ఇవాళ ఓపెనింగ్. లేక్ దగ్గరున్నాను" అన్నాను. వెనక ఆ మాటలు ఆగిపోయాయి. పెట్టేసిందేమో అనుకున్నాను.

"గాలి ఎటుకెల్లి వస్తున్నది?" అని అడిగింది.

అంతవరకు చూసుకోనే లేదు. "నా మొహం మీదికే" అన్నాను.

"మంచిది. చిన్న చేపలన్నీ నీ ఒడ్డుకే కొట్టుకొస్తయ్, వాటెంట అదొస్తది. ఆడనే ఉండు, జరగకు" అని ఫోన్ పెట్టేసింది.

నా చేతిలో గాలం లేదు, కనీసం కూర్చోవడానికి కుర్చీ కూడా తెచ్చుకోలేదు. అలవాటుగా ఆఫీసు బ్యాగు భుజాన వేసుకున్న నడివయసు మనిషిని, నీళ్లకేసి చూస్తూ, చెప్పిన చోటే చాలాసేపు జరగకుండా నిలబడ్డాను.