కెప్టెన్ గారి వంకాయ తోట

మా బడి లైబ్రరీ అటెండరును పిల్లలంతా జిగురు తాత అంటారు. ఇరవయ్యారేళ్ళుగా మైదా ఉడికించి జిగురు కాస్తూ, చిరిగిన పుస్తకాలకు దబ్బనంతో కుట్లు వేస్తూ బతికిన మనిషి. ఆయన వేళ్ళ మీద ఎండిన జిగురు ఎప్పుడూ పొరలు పొరలుగా లేస్తూ ఉంటుంది. ఆయన సంతకం పెట్టిన రోజు హాజరు పట్టీలో రెండు పేజీలు అతుక్కుపోతాయని గుమాస్తా గోల. నాకు ముక్కు మీద కోపమని బడంతా చెప్పుకుంటారు. నిజమే. కానీ ఈ మనిషి మీద కోపం తెచ్చుకోవడం మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ నా వల్ల కాలేదు.

ఈ ఏడు పుస్తక మేళా బాధ్యత నా నెత్తిన పడింది. పిల్లలు తలా ఒక పుస్తకం చదివి, ఆ కథను అట్టలతోనో బొమ్మలతోనో బల్ల మీద చూపించాలి. అంతవరకూ బాగానే ఉంది. టీచర్ల మీటింగులో హెడ్మిస్ట్రెస్ ఇంకో మాట చల్లగా అన్నారు.

"లైబ్రరీ మూల బీరువాలో పాత పుస్తకాల్ని అసలెవరైనా ముట్టుకుంటున్నారా? మేళాకి ఎవరైనా అందులోంచి తీసుకుంటే ఉంచుదాం. లేదంటే పాత కాగితాలవాడికి ఇచ్చేద్దాం. కొత్తవాటికి చోటు కావాలి."

ఆ బీరువా మొత్తం తాత చేతి కుట్టే. పైగా రెండు నెలల్లో రిటైరవుతున్నాడు. సంగతి ఆయన చెవిన పడింది. మర్నాటి నుంచి బీరువా తలుపులు బార్లా తెరిచి, పిల్లలు వచ్చినప్పుడల్లా పక్కనే నిలబడి లేని దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. పిల్లలేమో రంగురంగుల కొత్త పుస్తకాల మీద ఎగబడ్డారు. నాకు ఒళ్ళు మండి, "పాతవేమైనా కరుస్తాయా?" అని క్లాసులో అరిచాను కూడా. చివరికి ఏడో తరగతి పిల్ల ఒకర్తి, ఎప్పుడు చూసినా జడ రిబ్బను ఊడిపోయి ఉంటుంది, ఓడ కెప్టెన్ కథ పట్టుకెళ్ళింది. ఆ రోజు తాత నాకు రెండుసార్లు నమస్కారం పెట్టాడు.

మేళా రోజు హాలంతా తల్లిదండ్రులే. రిబ్బను పిల్ల బల్ల మీద అట్టముక్కల ఓడ ఉంది. దాని పక్కన ట్రేలో మట్టి పోసి నాటిన నిజం వంకాయ మొక్కలు, వాటికి నీళ్ళు పోస్తున్న టోపీ కెప్టెన్ బొమ్మ.

"ఇదేంటమ్మా?" అన్నారు హెడ్మిస్ట్రెస్.

"తుఫాన్లో ఓడ మునిగిపోతుంటే కెప్టెన్ గారు ఒడ్డుకొచ్చేశారు మేడం. తర్వాత వంకాయలు పండించారు. మొక్కకీ మొక్కకీ రెండడుగులు వదిలారు."

"ఓడ కథలో వంకాయలా? చదవకుండానే అట్టలు అంటించేసి, ఇప్పుడు కథలల్లుతున్నావా?"

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒట్టు మేడం, మొత్తం చదివాను."

తాత గబగబా వచ్చి పుస్తకం అందుకుని చివరి పేజీలు తిప్పాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆఖరి పదహారు పేజీలు కూరగాయల పెంపకం పుస్తకానివి. రెండు పుస్తకాలూ ఒకటే సైజు, ఒకేలాంటి కాగితం. కలిపి కుట్టే ఆ పదహారు పేజీల మడత రెండింటిలోనూ తొంభై ఏడో పేజీతోనే మొదలవుతుంది. ఎప్పుడో రెండింటినీ ఒకేరోజు విప్పి కుడుతూ మడతలు తారుమారు చేశాడు. ఈ మాట బయటపెడితే తన కుట్టు మీద ఉన్న ఆ కాస్త నమ్మకమూ పోతుందని ఆయనకు తెలుసు.

"అమ్మాయి తప్పేం లేదు మేడం. తప్పు కుట్టింది నేను. పిల్ల అక్షరం వదలకుండా చదివింది కాబట్టే ఇవాళ బయటపడింది," అన్నాడు తలవంచుకుని.

హెడ్మిస్ట్రెస్ లైబ్రరీ వైపు చూశారు. ఇంక బీరువా పని అయిపోయింది అనుకున్నాను.

అంతలో వెనక నుంచి ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. రిబ్బను పిల్ల తల్లి. ఆస్పత్రిలో నర్సు, డ్యూటీ బట్టల్లోనే వచ్చింది.

"మేడం, నేనూ ఈ బళ్ళోనే చదివాను. అప్పుడూ కెప్టెన్ వంకాయలే వేశాడు. ఓడలు నడిపినాయన ఎంత ఓపిగ్గా ఎరువు వేస్తున్నాడో అనుకున్నాను. మా డాబా మీద ఇప్పటికీ రెండడుగుల ఎడంతోనే కుండీలు పెడతాను, మామయ్యా!"

ఆమె చదివిన రోజుల్లో జిగురు తాత ఇంకా తాత కాలేదు, పిల్లలకు మామయ్యే. హెడ్మిస్ట్రెస్ ముఖం గంభీరంగా పెట్టాలని చాలా ప్రయత్నించారు, కుదరలేదు.

"బీరువా అక్కడే ఉండనివ్వండి. ఆ రెండు పుస్తకాలూ మాత్రం సరిచేయండి," అన్నారు.

సాయంత్రం బల్లలు సర్దించి లైబ్రరీలోకి వెళ్ళాను. తాత రెండు పుస్తకాలూ ముందేసుకుని, కుట్టు విప్పడానికి బ్లేడు తీశాడు. రిబ్బను పిల్ల ఎదురుగా కూర్చుని ఉంది.

"తాతా, మరి నిజంగా కెప్టెన్ ఏమయ్యాడు?"

"నాకేం తెలుసమ్మా? కుట్టడమే గానీ ఒక్కటీ చదవలేదు. తీరికేదీ?"

ఆ గదిలోని కథలన్నీ ఆయన చేతుల మీదుగానే వెళ్ళాయి. పిల్ల కూరగాయల పుస్తకం లాక్కుని, తొంభై ఏడో పేజీ తెరిచి, అందులో కలిసిపోయిన కెప్టెన్ కథ ముగింపు పైకి చదవడం మొదలుపెట్టింది. తాత బ్లేడు పక్కన పెట్టి, వేళ్ళ మీది జిగురు గిల్లుకుంటూ నాలుగు వాక్యాలు విన్నాడు.

"ఆగమ్మా," అంటూ ఓడ పుస్తకం ఆమె ముందుకు జరిపాడు. "అసలు ఓడెందుకెక్కాడో, మొదట్నుంచీ చదువు."