బండ్లు రానిదే ఆట లేదు

మా అత్తమ్మ పోయింది. భద్రాచలంలో రాములవారి కల్యాణం అయిన వారానికి, ఖమ్మం దవాఖానాలో, తెల్లవారుతుండగా పోయింది. మామయ్య పోయిన నాటి నుంచి మా ఊరి పాత టాకీసును నడిపిన మనిషి ఆమె. కబురు విని వచ్చినవాళ్లలో చాలామంది నాతో అన్న మొదటి మాట, "పాపం, మగాడిలా నెట్టుకొచ్చింది" అని. నేనిది రాయడానికి కూర్చున్నదే ఆ మాట కొట్టేయడానికి. మా అత్తమ్మ మగాడిలా ఏదీ చేయలేదు. మా ఇంటి మగాళ్లు ఆ టాకీసును మిర్చి గోదాము చేద్దామన్నారు, ఆమె చేయనివ్వలేదు. ఇక "పాపం" అన్న మాట ఆమె బతికుండగా ఎదురుగా అని ఉంటే విసనకర్ర తిరగేసి కొట్టేది.

ఏన్కూరు దాటాక, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట మా ఊరు. ఆ హాలు మొదట నాటకాల హాలు. మామయ్య వాళ్ల నాన్న నిజాం కాలంలో కట్టించాడు. లావుపాటి టేకు స్తంభాలు, పైన పెంకులు, ముందు చెక్క స్టేజీ. కల్యాణం చూసుకుని భద్రాచలం నుంచి తిరిగి వెళ్లే హరికథలవాళ్లు, బుర్రకథ దళాలు, నాదస్వరం మేళాలు మా ఊళ్లో దిగి, ఆ స్టేజీ మీద ఒక సాయంత్రం కచేరీ ఇచ్చి గానీ ఇళ్లకు పోయేవి కావు. తర్వాత తెర కట్టి టాకీసు చేశారు. కచేరీలు మాత్రం మానలేదు. కల్యాణం మర్నాటి నుంచి తొలకరి దాకా మధ్యాహ్నం సినిమా, సాయంత్రం కచేరీ. దాన్ని మా ఊళ్లో సీజన్ అంటారు. మామిడికాయకూ, బీడీలు చుట్టే తునికాకుకూ సీజన్ ఉన్నట్టే మాకు పాటకూ ఉండేది.

ఆ ఎండల్లో ఆ హాల్లో కూర్చోవడం మాటలు కాదు. కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టించి, మధ్యాహ్నమంతా అత్తమ్మే బిందెతో నీళ్లు చల్లుతూ తిరిగేది. ఎవరైనా ఉక్కపోస్తోందని అరిస్తే తలుపు సందులోంచి తల పెట్టి, "తెర మీద హీరో మిట్టమధ్యాన్నం కొండల మీద ఉరుకుతుండు. నువ్వు నీడకు కూసొని అరుస్తున్నవేందిరా?" అనేది. హాలంతా నవ్వేది. అరిచినవాడు కూడా నవ్వి ఊరుకునేవాడు.

ఏ సినిమానూ ఆమె పూర్తిగా చూడలేదు. గేటు పక్కన బల్ల మీద కూర్చుని, పచ్చిమామిడి ముక్క కారంలో అద్దుకు తింటూ, లోపలి నుంచి వచ్చే మాటలను బట్టి కథ అల్లుకునేది. సత్తుపల్లి వైపు నుంచి నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఆ కథలు నిజమేననుకుని వినేదాన్ని. విలన్ చివరికి మారి మంచివాడైపోయాడని ఒకసారి చెప్పింది. లోపలికెళ్లి చూసొచ్చి, "వాణ్ని చంపేశారు కదత్తమ్మా?" అన్నాను. "నాకు గది ఇనపడలే" అంది తాపీగా.

ఆమె మాట్లాడిన మాటల్లో ఊరందరికీ కంఠతా వచ్చిన మాట ఒకటుంది. "బండ్లు రానిదే ఆట లేదు."

మా టాకీసుకు కరెంటు బెల్లు లేదు. గేటు దగ్గర వేలాడదీసిన ఇనుప పట్టా ముక్క మీద రాడ్డుతో కొట్టేవాళ్లు. మొదటి బెల్లుకు టికెట్లు, రెండో బెల్లుకు తలుపులు, మూడో బెల్లుకు ఆట. వారం వారం అంగడి రోజున అడవి లోపలి గూడేల నుంచి జనం ఎడ్లబండ్ల మీద వచ్చేవాళ్లు. పొద్దున తునికాకు కోసి, అంగడి చూసుకుని, ఆట చూసి తిరిగి వెళ్లాలి వాళ్లు. ఆ రోజు మూడో బెల్లు అత్తమ్మ చేతిలో ఉండేది. మెషీన్ గదికి ఎక్కే మెట్ల మీద నిలబడి అడవి దారి వైపు చూసేది. దుమ్ము లేస్తే గానీ రాడ్డు ముట్టేది కాదు. లోపల కుర్చీ టికెట్ల ఆసాములు గోల చేసేవాళ్లు. ఒకాయన బయటికొచ్చి, "వాళ్లది నేల టికెట్టు, మాది కుర్చీ. మేమెందుకు ఆగాలమ్మా?" అని గట్టిగానే అడిగాడు.

"బొమ్మ ఇద్దరికి ఒక్కటే గదా. రెండుసార్లు ఎయ్యాల్నా?" అంది అత్తమ్మ. "వాళ్లు ఎండనబడి వస్తుండ్రు. నువ్వు ఇంట్ల అన్నం తిని కునుకు తీసి వచ్చినవ్. పోయి కూసో."

ఆయన పోయి కూర్చున్నాడు. ఎవరైనా అంతే.

వీడియో పార్లర్లు వచ్చిన ఏడాది మాకు కష్టం మొదలైంది. కొత్త సినిమా ఇళ్ల పక్కనే క్యాసెట్టులో దొరుకుతుంటే మా పెంకుల హాలుకు ఎవరొస్తారు? మా చిన్నమామయ్య, అంటే అత్తమ్మకు మరిది, మిర్చి వ్యాపారం చేసేవాడు. చెడ్డవాడు కాదు. ఎత్తయిన హాలు, గాలి తగిలే కిటికీలు, రోడ్డు పక్కనే గేటు, బస్తాలు పేర్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి అన్నది ఆయన గోల. హాల్లో ఆయనకూ హక్కుంది కాబట్టి కాదనడానికి లేదు. ఊరి పెద్దమనుషులను కూర్చోబెట్టాడు. మాటామాటా పెరిగి చివరికి ఆయనే ఒక షరతు పెట్టాడు.

"వదినా, ఈ సీజన్ల ఒక్క ఆట ఆగినా తాళాలు నాకియ్యాలె."

"ఆగకపోతే?"

"నేను ఉన్నన్ని దినాలు మళ్ల అడగ."

"అందరు ఇన్నరు గదా," అని అత్తమ్మ తాళాల గుత్తి బొడ్డున దోపుకుని లేచింది. ఇంటికొచ్చాక మా ఆయన తల పట్టుకున్నాడు. మిషను పాతది, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, ఒక్క ఆట కూడా ఆగకుండా ఎలా అని. ఆమె మాత్రం ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

సీజన్ సగం గడిచాక ఒక అంగడి రోజున జరిగింది అది. సినిమా రీళ్లు ఖమ్మం నుంచి బస్సు మీద రెండు పెట్టెల్లో వచ్చేవి. ఆ రోజు బస్సు టాపు మీద భద్రాచలం యాత్రికుల మూటలు కిక్కిరిసి ఉన్నాయి. క్లీనరు ఒక పెట్టె దించాడు, రెండోది మూటల కింద కనపడలేదు, బస్సు వెళ్లిపోయింది. పెట్టె విప్పి చూస్తే అన్నీ సినిమా రెండో సగం రీళ్లే. మొదటి సగం భద్రాచలం పోయింది. తిరుగు బస్సు వచ్చేసరికి ఎంత లేదన్నా పొద్దు గుంకుతుంది.

ఆపరేటరు ముఖం వాడిపోయింది.  అత్తమ్మ పెట్టెలోకి తొంగిచూసి, "దానికి రాముని దర్శనం అయినంక వస్తదిలే" అంది.

ఈ సంగతి చిన్నమామయ్యకు ఎవరు చేరవేశారో గానీ పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చేశాడు. గేటు ముందు నిలబడి చెయ్యి చాపాడు.

"ఇంక ఆట ఆగినట్టే గదా వదినా. తాళాలియ్యి."

"ఆగిందని ఎవరు చెప్పిండ్రు? ఇంక బండ్లే రాలే."

అని, నన్ను కేకేసింది. మా బజారులో ఒక టైలర్ ఉండేవాడు. పెళ్లిళ్లకు బ్యాండు మేళంలో క్లారినెట్ ఊదేవాడు. బట్టలకని ఖమ్మం వెళ్లినప్పుడల్లా సినిమా చూడకుండా తిరిగొచ్చేవాడు కాదు. అతణ్ని అప్పటికే పిలిపించింది.

"ఈ సినిమా చూసినవా?"

"అవ్ పెద్దమ్మా, రెండుసార్లు చూసిన."

"సగం దాక కథ చెప్పొస్తదా?"

"చెప్త. పాటలు క్లారినెట్ మీద వాయిస్త. కని పాడెటోళ్లు గావాలె గదా."

అత్తమ్మ నా వైపు చూసింది. ఆ పాటలు రేడియోలో రోజూ వచ్చేవే, వంటింట్లో నేను పాడుకునేవే. 

"నా వల్ల కాదత్తమ్మా. అంతమంది ముందా?"

"పెండ్లిచూపులల్ల పాడలేదా? అప్పుడు మావోడొక్కడు ఇన్నడు, ఇయ్యాల ఊరంత ఇంటది. గంతే గదనే."

చిన్నమామయ్యకు ఒళ్లు మండిపోయింది. "ఇంటి కోడల్ని స్టేజీ ఎక్కిస్తవా? మన పరువేం గావాలె?"

"పరువుకు కుర్చీ టికెట్టు ఇస్త. నీ పక్కనే కూసోబెట్టుకో," అని ఆమె మెట్లెక్కి అడవి దారి చూసింది. దుమ్ము లేచింది.

బండ్లు వచ్చి ఆగాయి. గూడెం పెద్ద దిగి సంగతేమిటని అడిగాడు. అత్తమ్మ ఆయన్ను అన్నా అని పిలిచేది. ఉన్నదున్నట్టు చెప్పింది. సగం సినిమాయే ఉంది, మిగతా సగం మనుషులు చెబుతారు, ఇష్టమైతే ఉండండి అంది. ఆయన వెనక్కి తిరిగి తనవాళ్లతో వాళ్ల భాషలో ఏదో మాట్లాడాడు. మళ్లీ అత్తమ్మ వైపు తిరిగి, "పెండ్లి నుంచి వస్తున్నం చెల్లే. మా డోలు బండిల్నే ఉంది. కొట్టొచ్చునా?" అన్నాడు.

అత్తమ్మ మూడో బెల్లు కొట్టింది.

తెర ముందు స్టేజీ మీద నిలబడి టైలర్ కథ మొదలుపెట్టాడు. మొదట నాలుక తడబడింది. తల్లి పిల్లల్ని జాతరలో పోగొట్టుకున్న చోటికి వచ్చేసరికి వాడికి పూనకం వచ్చింది. తల్లి ఏడుపు వాడే ఏడ్చాడు, జమీందారు గర్జన వాడే గర్జించాడు. తగవు వచ్చిన ప్రతిచోటా డోలు మోగింది. ఆ దెబ్బకు పెంకులు ఊడిపడతాయనుకున్నాం. పాట దగ్గర క్లారినెట్ ఎత్తి నా వైపు చూశాడు. నేను కళ్లు మూసుకుని పాడాను. చరణం మధ్యలో కళ్లు తెరిస్తే నేల మీద కూర్చున్న ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని నన్నే చూస్తున్నారు. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. ఇంత వయసొచ్చినా ఆ క్షణం గుర్తొస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ఇంటర్వెల్ ఇచ్చి, రెండో సగం తెర మీద వేశారు. హీరోయిన్ పాట ఎత్తుకోగానే నేల మీద నుంచి ఒక ఆడమనిషి, "మా కోడలే మంచిగ పాడింది!" అని అరిచింది. హాలంతా ఈలలు. కుర్చీల్లో కూర్చున్న పెద్దమనుషులూ నవ్వారు. ఆట వదిలాక చిన్నమామయ్య వాళ్లను పట్టుకుని, ఇదెక్కడి ఆట, సినిమా వేస్తేనే ఆట అని వాదించాడు. అందరిలోకీ పెద్దాయన కండువా దులుపుకుంటూ, "ఆగిందంటే ఎట్లనయ్యా? నేను కూసొని చూసిన గదా" అని వెళ్లిపోయాడు.

పెట్టె భద్రాచలం నుంచి తిరిగొచ్చాక మొదటి సగం కూడా వేశాం. టైలర్ చెప్పిందే బాగుందన్నారు జనం. ఆ తర్వాత ప్రతి సీజన్లో అంగడి రోజున సగం ఆట మనుషులం ఆడేవాళ్లం, సగం తెర ఆడేది. వీడియో పార్లర్ వాడు కూడా ఆ రోజు కొట్టు మూసుకుని వచ్చి మా బెంచీల మీద కూర్చునేవాడు. "నీ టీవీ డబ్బాల ఎయ్యరాంది గిదొక్కటే గదరా," అనేది అత్తమ్మ వాడి నెత్తిన మొట్టి.

చిన్నమామయ్య మాట తప్పలేదు, మళ్లీ అడగలేదు. ఆయన కొడుకులు మాత్రం ఆమె దవాఖానాలో ఉండగానే హాలు కొలతలు తీసుకున్నారట. ఆ సంగతి ఆమెకు తెలిసింది. ఆమెకు అప్పటికే మాట పడిపోయింది గానీ చెయ్యి పోలేదు. దిండు కిందికి చెయ్యి పెట్టి తాళాల గుత్తి తీసి నా చేతిలో పెట్టి, నా వేళ్లు మూసింది. అవిప్పుడు నా బొడ్డున ఉన్నాయి. ఇవ్వను. చావు జరిగిన ఇంట ఏడాది దాకా పండగ చేయకూడదంటున్నారు. సీజన్ మాకు పండగ కాదు, పని. పెద్దకర్మ అయిన మర్నాడే హాలు తెరిచాం, వట్టివేళ్ల తడికలు కట్టాం. వచ్చేవాళ్లు వస్తున్నారు.

చివరి రోజు సంగతి చెప్పి ఆపేస్తాను. ఆమెను ఖమ్మం నుంచి తెచ్చి హాలు గేటు ముందు పడుకోబెట్టాం. అడవి ఊళ్లకు కబురు పంపాం గానీ ఎవరూ ఇంకా రాలేదు. ఎండ ముదిరింది. చిన్నమామయ్య కొడుకులు తొందరపెట్టడం మొదలుపెట్టారు, ఇంకెంతసేపు, ఎవరి కోసం, జల్దీ లేపండని. మోసే నలుగురూ పాడె దగ్గరికి వంగారు. నేను అడ్డం నిలబడ్డాను.

"బండ్లు రాలేదు," అన్నాను.

వంగినవాళ్లు నడుం ఎత్తారు. చిన్నమామయ్య ఒక పక్క కుర్చీలో కర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ముసలివాడైపోయాడు. నా వైపు చూశాడు, వదిన ముఖం చూశాడు. కర్ర నేలకు కొట్టి కొడుకుల మీద అరిచాడు.

"బండ్లు రాలేదంటుంది, ఇనపడతలేదా? కూసోండ్రి అందరు!"

అందరూ కూర్చున్నారు. నేను మెషీన్ గది మెట్లెక్కి అడవి దారి చూస్తూ నిలబడ్డాను. చాలాసేపటికి దుమ్ము లేచింది. ఇప్పుడు ఎడ్లబండ్లు లేవు, ట్రాక్టర్లు. ముందు ట్రాక్టరులో డోలు మోగుతోంది. అవి వచ్చి గేటు ముందు ఆగి, అందరూ దిగేదాకా ఆగాను. తర్వాత మెట్లు దిగి, రాడ్డు తీసుకుని, మూడో బెల్లు కొట్టాను.

అప్పుడు లేపారు మా అత్తమ్మను.